దారిని నడచువాని హక్కు

ఈ పత్రికలో నేను సాధారణముగ ఎరువులను గూర్చియు, విత్తనశుద్ధిని గూర్చియు, తెగుళ్లను గూర్చియు వ్రాయుచుండుట సభ్యు లెఱిగినదే. ఈ నెల మాత్రము పొలముగట్టు దిగి రాజమార్గమునకు వచ్చుచున్నాను. పంట పండించుట ఎట్లు సేద్యములోని భాగమో, ఆ పంటను అంగడికి చేర్చిన రైతు ప్రాణముతో మరల ఇల్లు చేరుటయు అట్లే సేద్యములోని భాగము. చీడ పట్టిన చేనికి మందు కలదు. దారిలో మోటారు క్రింద పడినవాని కుటుంబమునకును చట్టములో కొంత మందు కలదు. అది యున్నదని తెలియకయే మనవారు నష్టపడుచున్నారు. అందువలన ఈ నాలుగు మాటలు.

సికింద్రాబాదు నుండి తిరుమలగిరి, లోతుకుంట, అల్వాలు, హకీంపేట, తూముకుంట, శామీర్‌పేటల మీదుగా సిద్ధిపేటకును, కరీంనగరమునకును పోవు రాజీవ్ రహదారి మనకందఱకును పరిచితమైనదే. ఈ దారి కోడికూయక మునుపే మేలుకొనును. బోయినపల్లి మార్కెట్టునకు కూరగాయలు చేర్చువారు, అల్వాలు రైతుబజారులో చోటు పట్టుకొనుటకు ఆకుకూర మోపులతో సైకిళ్లమీద వచ్చువారు, బస్సు దిగి గంపలు నెత్తిన పెట్టుకొని దారి దాటు స్త్రీలు, పాలక్యానులు మోయువారు ఆ మసకచీకటిలోనే లారీల నడుమ నడచుచుందురు. అల్వాలు ఒకప్పుడు పల్లె. 2007లో అల్వాలు పురపాలక సంఘము హైదరాబాదు మహానగరపాలక సంస్థలో కలిసినది. ఊరు నగరమైనది గాని నడచువాని కాళ్లు మాఱలేదు. 2024 మార్చిలో సికింద్రాబాదు నుండి శామీర్‌పేట వైపునకు ఎత్తైన వంతెనమార్గమునకు శంకుస్థాపన జరిగినది. మోటార్లు పోవుటకు పైన మార్గ మేర్పడుట మంచిదే. క్రింద నడచువానికి కాలిబాటయు, దాటుటకు తగిన చోటును ఉండునా అని అడుగువారు మాత్రము తక్కువ.

ఇది మన దారికి మాత్రమే పట్టిన పీడ కాదు. కేంద్రప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022 సంవత్సరములో దేశమునందు దారి ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. అందులో నడచిపోవుచు మరణించినవారే 32,000 మందికి పైగా నున్నారు. అనగా మరణించిన ప్రతి అయిదుగురిలో ఇంచుమించు ఒకడు ఏ బండియు ఎక్కనివాడు. అతడు ఎవనికిని అపాయము చేయగలవాడు కాడు. అపాయమును పొందగలవాడు మాత్రమే.

ఇప్పుడు నా తప్పు నొకదానిని చెప్పుకొనవలసి యున్నది. 2023 చలికాలములో మా పొరుగు గ్రామమునకు చెందిన ఒక సభ్యుడు తెల్లవారుజామున మెంతికూర, పాలకూర మోపులు సైకిలునకు కట్టుకొని వచ్చుచుండగా, వెనుకనుండి లారీ యొకటి తాకి త్రోసివేసినది. తొడయెముక విఱిగినది. మధ్యాహ్నమునకు లారీ తాలూకు మనుష్యులు ఆసుపత్రికి వచ్చిరి. ఊరి పెద్దలు కూడిరి. “కోర్టు లెందుకు, కేసు లెందుకు, ఇరువదివేలు పుచ్చుకొని ఊరకుండుట మేలు” అనిరి. తెల్లకాగితముమీద నాలుగు పంక్తులు వ్రాసి అతని వ్రేలిముద్ర వేయించిరి. ఆ సమయమున నేనును అచ్చటనే యుంటిని. రాజీ మంచిదే యని తలయూపితిని. చదువుకొన్నవాడు తల యూపుటచేత అతనికి ధైర్యము కలిగినది.

ఆ ఇరువదివేలు రెండవ వారమునకే ఆసుపత్రిలో చెల్లిపోయినవి. కాలు పొట్టిపడినది. మరుసటి వానకాలమున అతడు తన రెండెకరములను కౌలుకిచ్చి, గట్టుమీద కూర్చుండి యితరులు నాటు వేయుట చూచుచుండెను. “అయ్యా, ఆనాడు మీరును ఉంటిరి గదా, నాకు ఇంకేమైన వచ్చునా?” అని నన్నడిగెను. నేను ఆ రాజీకాగితమును తెప్పించి చూచితిని. అందులో అతని వ్రేలిముద్ర యున్నది. ఎదురివాని సంతకము లేదు. లారీ నంబరు లేనే లేదు. పోలీసు ఫిర్యాదు లేదు. ప్రమాదము జరిగిన చోటు పేరు సైతము లేదు. అతని హక్కు కోర్టులో ఓడిపోలేదు. ఆసుపత్రి వరండాలోనే, నా కన్నులయెదుటనే, చదువుకొన్నవాని యంగీకారముతోనే పోయినది.

ఆనాటినుండి ఈ విషయమున చట్టమేమి చెప్పుచున్నదో తెలిసికొనుటకు ప్రయత్నించితిని. తెలిసినంతవఱకు నా యభిప్రాయ మొక్కటే: దారిప్రక్కన చేసికొను రాజీ దయ కాదు, దోపిడి. బాధితునికి రావలసినది భిక్ష కాదు, హక్కు. ఆ హక్కును కాపాడుట ఒంటరి రైతునకు సాధ్యము కాదు. సంఘము చేపట్టవలసిన పని.

ఈ హక్కు ఒక్కనాడు వచ్చినది కాదు. 1939 సంవత్సరపు మోటారువాహనముల చట్టములో, దారిమీద పోవు పరులకు కలుగు హానికి బండి యజమాని తప్పక ఇన్సూరెన్సు చేయవలయునను నియమము చేర్చబడి, 1946 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దీనినే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు అందురు. యజమాని ఒక పక్షము, ఇన్సూరెన్సు కంపెనీ రెండవ పక్షము, దారిని పోవు మనము మూడవ పక్షము. బండితో ఏ సంబంధమును లేని మనకొఱకే ఆ ఇన్సూరెన్సు ఏర్పడినది. 1956లో చేసిన సవరణచేత, ఇట్టి వ్యవహారములు సివిలు కోర్టులలో ఏండ్లకొలది నానకుండుటకై ప్రత్యేక ట్రిబ్యునళ్లను ఏర్పఱచుటకు వీలు కలిగినది.

అయినను ఒక పెద్ద చిక్కు మిగిలినది. డ్రైవరు అజాగ్రత్తగా నడపెనని బాధితుడే రుజువు చేయవలసియుండెను. దారిలో స్పృహతప్పి పడినవాడు సాక్షులను ఎట్లు తెచ్చును? చచ్చినవాని భార్య ఎట్లు తెచ్చును? ఇందులో మన హైదరాబాదునకు గొప్పగా చెప్పుకొనదగిన చరిత్ర యొకటి కలదు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మోటారువలన హాని కలిగినదని తేలిన చాలును, అజాగ్రత్తను రుజువు చేయనక్కఱలేకయే పరిహార మీయవచ్చునని యొక తీర్పులో చెప్పినది. 1977లో సుప్రీంకోర్టు ఆ యభిప్రాయమును అంగీకరింపక, అప్పటి చట్టము ప్రకారము తప్పు రుజువు కావలసినదేయని నిర్ణయించినది. కాని హైకోర్టు వేసిన విత్తనము వృథాపోలేదు. 1982లో పార్లమెంటు చట్టమును సవరించి, ఎవరి తప్పైనను సరే, మరణమునకు 15,000 రూపాయలును, శాశ్వతమైన అంగవైకల్యమునకు 7,500 రూపాయలును ఈయవలయునని నిర్ణయించినది. 1988 చట్టములోను, 1994 సవరణలోను ఆ మొత్తము పెరిగినది. 2022 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనున్న 164వ సెక్షను ప్రకారము మరణమునకు 5 లక్షల రూపాయలు, తీవ్రమైన గాయమునకు 2 లక్షల 50 వేల రూపాయలు. దీనికి డ్రైవరు తప్పును రుజువు చేయనక్కఱలేదు.

ఇతరదేశములలో కొన్ని ఇంకను ముందునకు పోయినవి. ఫ్రాన్సుదేశము 1985లో చేసిన చట్టముచేత, నడచువాడును సైకిలుమీద పోవువాడును కొంత పొరపాటు చేసినను, అది క్షమింపరాని ఘోరమైన పొరపాటు కానంతవఱకు, వాని దేహమునకు కలిగిన హానికి పూర్తి పరిహారము లభించును. బరువైన యంత్రమును దారిమీదికి తెచ్చినవాడే దానివలని అపాయమును భరింపవలయునను ధర్మము దీనికి మూలము. మన చట్టము ఇంకను అంతదూరము పోలేదు గాని, అదే దారిలో నున్నది.

ఇక నేడు మన సభ్యునికిగాని వాని కుటుంబమునకుగాని కల హక్కులను వరుసగా చెప్పెదను.

మొదటిది వైద్యము. గాయపడినవానిని తనకు సాధ్యమైనంతవఱకు వైద్యునియొద్దకు చేర్చుట డ్రైవరునకు చట్టము విధించిన కర్తవ్యము. పోలీసు కాగితము రాలేదని ప్రాణాపాయములో నున్నవానికి వైద్యము నిరాకరింపరాదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పినది. 2025 మే నెలలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పథకము ప్రకారము, మోటారువాహన ప్రమాదములో గాయపడిన వారెవరికైనను, నిర్ణయింపబడిన ఆసుపత్రులలో, ప్రమాదదినమునుండి ఏడుదినములవఱకు, 1 లక్ష 50 వేల రూపాయలకు మించకుండ నగదు చెల్లింపక వైద్యము పొందుటకు వీలున్నది. కావున మొదట 108కి గాని 112కి గాని ఫోను చేయవలయును. ఆసుపత్రి ఖర్చునకు భయపడి రాజీకి లొంగవలసిన పని లేదు.

రెండవది పూర్ణపరిహారము. డ్రైవరు అజాగ్రత్త కలదని చూపగలిగినచో 166వ సెక్షను క్రింద ట్రిబ్యునలులో దరఖాస్తు చేసికొని, వాస్తవముగ కలిగిన నష్టమునంతయు కోరవచ్చును. ఇచ్చట క్రిమినలు కేసులో వలె అణుమాత్రము సందేహము లేకుండ రుజువు చేయనక్కఱలేదు. జరిగియుండుటకే ఎక్కువ అవకాశమున్నదని తోచిన చాలును. ప్రమాదము జరిగిన చోటనే కాక, తాను కాపురమున్న ప్రాంతపు ట్రిబ్యునలులోను దరఖాస్తు చేయవచ్చును. కావున గజ్వేలు ప్రాంతపు రైతు అల్వాలులో గాయపడినను, మాటిమాటికి ఇచ్చటికి తిరుగనక్కఱలేదు. మనిషికి కలిగిన హానికే కాక ఆస్తికి కలిగిన హానికిని అడుగవచ్చును. సైకిలు, పాలక్యానులు, త్రోవలో చచ్చిన ఎద్దు, గేదె, ఇవన్నియు ఆస్తియే.

మూడవది, పైన చెప్పిన 164వ సెక్షను పరిహారము. ఇందులో నొక జాగ్రత్త కావలయును. ఈ నిర్ణీతమైన సొమ్మును ఒప్పుకొని పుచ్చుకొన్నచో 166వ సెక్షను దరఖాస్తు రద్దగును. తప్పు రుజువుచేయుటకు సాక్ష్యము లేనివానికి 5 లక్షలు వరమే. సాక్ష్యమున్నవానికి అది నష్టము కావచ్చును. ఎందులకనగా లెక్క చూడుడు.

ముప్పదియెనిమిదేండ్ల రైతు. నెలకు 12,000 రూపాయల ఆదాయము. భార్య, ఇద్దఱు పిల్లలు, తల్లి, నలుగురు అతనిమీద ఆధారపడియున్నారు. సుప్రీంకోర్టు 2009లోను, 2017లోను ఏర్పఱచిన పద్ధతి ప్రకారము, స్వంతవృత్తి చేయు నలువదేండ్లలోపు వానికి మున్ముందు పెరుగబోవు ఆదాయము క్రింద నూటికి 40 కలుపవలయును. అపుడు 16,800 అగును. అతని స్వంతఖర్చు క్రింద నాలుగవవంతు తీసివేయగా 12,600 మిగులును. సంవత్సరమునకు 1,51,200. ఆ వయస్సునకు నిర్ణయించిన గుణకము 15. గుణింపగా 22 లక్షల 68 వేల రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భార్యకును పిల్లలకును కలిగిన ఎడబాటు మొదలగువాని క్రింద వచ్చునది దీనికి అదనము. ఈ మొత్తమును, ఆసుపత్రి వరండాలో వ్రేలిముద్ర వేయించి యిచ్చిన ఇరువదివేలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. నేను ఆనాడు తలయూపినది ఎట్టిదానికో సభ్యులే గ్రహింతురు.

గాయపడి బ్రదికినవాని విషయములోను ఇట్టి విచారణయే కలదు. 2010లో సుప్రీంకోర్టు చెప్పినదేమనగా, వైద్యుడు వ్రాసిన వైకల్యపు శాతముమాత్రమే చూడరాదు. ఆ వైకల్యము ఆ మనిషి చేయు పనికి ఎంత అడ్డు వచ్చుచున్నదో చూడవలయును. బల్లముందు కూర్చుండువానికి కాలు పొట్టిపడుటయు, అరక దున్నువానికి కాలు పొట్టిపడుటయు ఒక్కటి కాదు. స్త్రీలను గూర్చియు ఒక మాట. ఇల్లాలికి జీతము లేదు గనుక నష్టము లేదను వాదము చెల్లదని సుప్రీంకోర్టు 2001లోను, మరల 2021లోను స్పష్టపఱచినది. మన యిండ్లలో స్త్రీలు ఇంటిపనితో పాటు కలుపు, నాటు, కోత, పాడి యన్నియు చేయుదురు గనుక రెండు లెక్కలును చూపవలయును.

నాల్గవది, గ్రుద్ది పాఱిపోయిన బండి నంబరు తెలియని సందర్భము. దీనికిని దారి కలదు. 2022 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనున్న పథకము ప్రకారము, గుర్తుతెలియని బండివలన మరణించినచో 2 లక్షలు, తీవ్రముగ గాయపడినచో 50,000 రూపాయలు ఇచ్చెదరు. దరఖాస్తు చేయవలసినది ట్రిబ్యునలుకు కాదు, రెవెన్యూ అధికారికి. విచారణాధికారి నివేదికమీద జిల్లా అధికారి మంజూరు చేయును. ఒక నెలలోపల బండి జాడ తెలియనియెడల, ఈ పథకమును గూర్చి బాధితులకు పోలీసువారే తెలుపవలయునని సుప్రీంకోర్టు 2024 జనవరిలో ఆజ్ఞాపించినది.

ఇంత ఉన్నను మూడు చిన్నపనులు తప్పినచో అంతయు వ్యర్థము. ఒకటి, పోలీసు ఫిర్యాదు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన క్రొత్త నేరవిచారణ చట్టము ప్రకారము ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు ఈయవచ్చును; “ఇది మా హద్దు కాదు” అని త్రిప్పిపంపుటకు వీలులేదు. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితముగ ఇచ్చెదరు. రెండు, బండి నంబరు. ఎవడో ఒకడు వెంటనే వ్రాసికొనవలయును, లేదా ఫోనులో పటము తీయవలయును. మూడు, గడువు. 1994లో తొలగింపబడిన గడువు 2022 ఏప్రిలు 1వ తేదీనుండి మరల వచ్చినది. ప్రమాదము జరిగిన ఆఱుమాసములలోపల దరఖాస్తు చేయవలయును. ఈ గడువు చెల్లునా యను ప్రశ్న సుప్రీంకోర్టు ఎదుటకు వచ్చినది. 2025 నవంబరులో ఆ కోర్టు, గడువు దాటినదను కారణముచేత మాత్రమే దరఖాస్తులను త్రోసివేయరాదని మధ్యంతరపు ఉత్తరువు చేసినది. అయినను దానిని నమ్ముకొని ఆలసించుట, వాన వచ్చునని నమ్మి నారుమడికి నీరు పెట్టకుండుట వంటిది.

ఇచ్చట సభ్యులు చెప్పు అభ్యంతరములు కొన్ని నాకు తెలియును.

“డ్రైవరును మనవంటి బీదవాడే గదా, వాని కడుపు కొట్టుట యెందుకు?” అందురు. ఈ దయ మన రైతులకు అలంకారమే. కాని ఇన్సూరెన్సు ఉన్న బండి విషయములో పరిహారము చెల్లించునది సాధారణముగ కంపెనీ. యజమాని ఏటేట కట్టిన సొమ్ము అందులకే. డ్రైవరునకు తగిన లైసెన్సు లేకపోయినను, ఎక్కువ వ్యవహారములలో కంపెనీ మొదట బాధితునికి చెల్లించి, తరువాత యజమానినుండి రాబట్టుకొనవలయునని న్యాయస్థానములు నిర్ణయించుచున్నవి. మనము ఇరువదివేలతో రాజీపడినచో లాభపడువాడు బీద డ్రైవరు కాడు.

“రైతుబీమా వచ్చినది గదా, మరల ఇది యేల?” అని మఱి కొందఱు. 2018 ఆగస్టులో తెలంగాణలో ప్రారంభమైన రైతుబీమా వేఱు, ఇది వేఱు. జీవితబీమా క్రింద వచ్చిన సొమ్మును మోటారు ప్రమాద పరిహారములోనుండి తగ్గింపరాదని సుప్రీంకోర్టు 1998లో నిర్ణయించినది. ఒకటి వచ్చినదని రెండవదానిని వదలుకొననక్కఱలేదు.

“కోర్టు ధనవంతులకు” అనునది మూడవది. స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని, వికలాంగులకును, నిర్ణయించిన పరిమితికి లోబడిన ఆదాయము కలవారికిని న్యాయసేవాధికార సంస్థలు వకీలును ఉచితముగ ఏర్పఱచును. 15100 నంబరునకు ఫోను చేసిన తెలియును. ఆసుపత్రి గుమ్మములో తిరుగుచు, వచ్చినదానిలో సగము మాకని కాగితము వ్రాయించుకొను దళారులను నమ్మవలదు. లోక్ అదాలతులో ఇరుపక్షములును సమ్మతించి చేసికొను రాజీ వేఱు. అది న్యాయాధికారి యెదుట, లెక్కలు చూచి, కాగితముమీద జరుగును. దానికి డిక్రీతో సమానమైన బలము కలదు. నేను నిందించునది రాజీని కాదు, తెల్లకాగితపు రాజీని.

ఎదుటివాని తప్పు చెప్పునపుడు మన తప్పును చెప్పకుండుట న్యాయము కాదు. మనలో ట్రాక్టరు కలవారు చాలమంది యున్నారు. దారిమీదికి వచ్చినంతనే ట్రాక్టరు కూడ మోటారువాహనమే; దానికిని థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. అది లేక ఎవనినైన గ్రుద్దినచో పరిహారమంతయు యజమాని నెత్తిన పడును; భూమి అమ్మవలసి వచ్చును. వెనుక దీపము లేక, ఎఱ్ఱని మెఱుపుబిళ్ల లేక చీకటిలో నిలిపిన ట్రెయిలరు ఎందఱి ప్రాణములను తీసినదో మన కన్నులార చూచినదే. ట్రెయిలరుమీద కూలీలను, అంగడివారిని ఎక్కించుట మఱియొక ప్రమాదము. కూరగాయలతో ట్రాక్టరు ట్రెయిలరుమీద పోవుచు మరణించిన యొక వర్తకుని విషయమున, ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యురాలు కాదని సుప్రీంకోర్టు 2004లో తీర్పు చెప్పినది. ఆ కుటుంబము దుఃఖము ఎంత నిజమో, ఆ తీర్పు అంత నిజము.

వడ్లను, మొక్కజొన్నలను దారిమీద ఆరబోసి, చుట్టును రాళ్లు పేర్చి, చీకటిపడినను తీయకుండుట మన యలవాటు. ఆ గింజలమీద జాఱిపడువాడు కూడ మనవంటి సైకిలువాడే. అటులనే చీకటిలో దీపములేని సైకిలును తొక్కినయెడల, వాహనమును చూడక పరుగున దారి దాటినయెడల, ట్రిబ్యునలు మన పొరపాటునకు తగినంత వంతు పరిహారములో తగ్గించును. హక్కు పూర్తిగ పోదు గాని తగ్గును. తెల్లని కండువా భుజముమీద, ఎఱ్ఱని మెఱుపుబిళ్ల సైకిలు వెనుక, ఇవి పెద్ద ఖర్చులు కావు.

ఇంకొక హెచ్చరిక. బండి నంబరు దొరకలేదని తెలిసిన వాని బండిని చూపుటయు, ఇంటిలో జాఱిపడిన గాయమును దారిలోని గాయమని చెప్పుటయు మహాపరాధములు. అట్టి అబద్ధములవలననే నిజమైన బాధితుని మాటనుకూడ కోర్టు శంకించును.

ఇక సంఘము చేయవలసినదేమి? ఈ మాటకే నేను ఇంతదూరము వచ్చితిని. ట్రిబ్యునలులో రైతునకు కలుగు మొదటి కష్టము ఆదాయపు రుజువు. ఉద్యోగికి జీతపు చీటి కలదు, రైతునకేమి కలదు? రుజువు లేనిచోట న్యాయాధికారి కూలివాని ఆదాయమును ఊహించి లెక్కకట్టును. ఆ యూహ తఱచుగా తక్కువగనే యుండును. కాని మన సంఘపు పుస్తకములలో ఏమి యున్నదో చూడుడు. సభ్యుడు ఏయేట ఎంత ధాన్యము తూచెను, ఎన్ని లీటర్ల పాలు పోసెను, ఎంత ఋణము తీసికొని ఎంత తీర్చెను, ఎన్ని బస్తాల ఎరువు కొనెను, అన్నియు తేదీలతో నున్నవి. ఆ లెడ్జరు పుటయే రైతు జీతపు చీటి. కార్యదర్శి సంతకముతో దాని నకలు ఇచ్చి, అవసరమైనచో సాక్ష్యమునకు వచ్చుట సంఘమునకు పైస ఖర్చులేని పని. కుటుంబమునకు లక్షలు తెచ్చు పని.

అందుచేత రాబోవు సర్వసభ్య సమావేశమునకు నేను చేయు సూచనలు నాలుగు. ప్రతి సభ్యుడును సంఘములో జరుపు లావాదేవీలను పేరుపేరున, తేదీలతో, స్పష్టముగ వ్రాయించుకొనవలయును. ఇతరుల పేర అమ్ముకొను అలవాటు మానవలయును. సభ్యునికి ప్రమాదము జరిగినదని తెలిసిన దినముననే ఇద్దఱు పంచాయతుదారులను ఆసుపత్రికి పంపి, ఎఫ్.ఐ.ఆర్. నకలు, బండి నంబరు, వైద్యుని కాగితములు ఒక సంచిలో భద్రపఱుపవలయును. ప్రమాదదినమునుండి ఆఱునెలల గడువును సంఘపు గోడపలకమీద వ్రాసి, నెలనెల జ్ఞాపకము చేయవలయును. నాల్గవది ముఖ్యమైనది: సంఘపు పెద్ద యెవడును ఆసుపత్రి వరండాలో తెల్లకాగితపు రాజీకి సాక్షిసంతకము చేయరాదని తీర్మానము కావలయును. దానికి మొదట చేయి యెత్తువాడను నేనే.

దారిని గూర్చియు అడుగవలసినది కలదు. నడచువానికి కాలిబాట యుండుట జీవించు హక్కులోని భాగమేయని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పినది. లోతుకుంట నుండి శామీర్‌పేట వఱకు ఎచ్చట దీపములు లేవో, ఎచ్చట బస్సు దిగి దాటుటకు చోటు లేదో మన స్త్రీలకు తెలిసినంత ఇంజనీర్లకు తెలియదు. ఆ పట్టికను వ్రాసి దరఖాస్తు చేయుట సంఘమునకు తగిన పనియే.

చిన్ననాట మిషను బడిలో మాకు చెప్పిన కథ యొకటి ఇప్పుడు నాకు తఱచుగ జ్ఞప్తికి వచ్చుచున్నది. దొంగలు కొట్టి దారిప్రక్కన పడవేసిన బాటసారిని, గొప్పవా రిద్దఱు చూచియు చూడనట్లు పోయిరి. పరాయివాడైన సమరయుడు ఆగి, గాయములు కట్టి, సత్రమునకు చేర్చి, ఖర్చునకు సొమ్ము నిచ్చెను. నేడు అట్టి పుణ్యాత్మునికి చట్టము కూడ తోడున్నది. గాయపడినవానిని మంచిమనస్సుతో ఆసుపత్రికి చేర్చినవానిమీద కేసు పెట్టుటకు గాని, పేరు చెప్పుమని నిర్బంధించుటకు గాని వీలులేదు. “మన కెందుకు పోలీసు గొడవ” అను మాటకు ఇక చోటు లేదు.

ఆ కథలో నేను ఇదివఱలో తలచినట్లు ఇద్దఱు తప్పుకొని పోయినవారు కారు. మూడవవా డొకడున్నాడు. అతడు ఆగినాడు, కూర్చుండినాడు, మంచిమాట చెప్పినాడు, తెల్లకాగితముమీద వ్రేలిముద్ర వేయుచుండగా తలయూపినాడు. అట్టివాడు మన సంఘములో ఇక నుండకుండుగాక.